జోగయ్య బసలో ఉప్పు ఉచితం

చుక్కమ్మ ఇద్దరు పిల్లలతో సముద్రం చూడ్డానికి వెళ్ళి ఒక్క పిల్లతో తిరిగొచ్చింది. ఆ రెండో పిల్లని పులి ఎత్తుకుపోలేదు, కసాయి పట్టుకుపోలేదు. తక్కువలో సరదా తీర్చుకుందామన్న ఆవిడ తెలివే వాడి ప్రాణం తీసింది.

చుక్కమ్మ కొండవాలు ఊరి మేక. నల్లటి ఒళ్ళు, నుదుటి మీద రూపాయంత తెల్లమచ్చ. ఎవరి దొడ్లో చిక్కుడుతీగ కంచె దాటి బయటికి వేలాడుతోందో, ఏ ఇంటావిడ బియ్యం కడుగు ఏ వేళకి పారబోస్తుందో, ఏ కుక్క అరుస్తుందే తప్ప కరవదో ఆవిడకి తెలుసు. ఎవరైనా ఒక మండ చింతాకు తింటే, అదే చెట్టు కింద రెండు మండలు తిని అంతకంటే తక్కువ దూరం నడిచానని చెప్పుకునే మనిషి. మేకే అయినా మనిషి లాంటిదేనని మందలో అనేవారు. పొగడ్తో తిట్టో ఎవరూ తేల్చలేదు.

ఆ కొండ ఊళ్ళల్లో చోళ్ళ కోతలయ్యాక పశువుల్ని విప్పి వదిలేస్తారు. చేలు ఖాళీగా ఉంటాయి కాబట్టి కాపలా అక్కర్లేదు. మళ్ళీ వానలు పడి దుక్కులు మొదలయ్యేదాకా ఎవరి కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటే. ఆ రోజుల్లోనే, ఎండలు బాగా ముదిరాక, ఓపికున్న జంతువులు కొండ దిగి సముద్రం ఒడ్డున ఉన్న పట్నానికి షికారు వెళ్ళేవి. వెళ్ళొచ్చినవాళ్ళందరూ బాగుందనే చెప్పేవారు. ఏం బాగుందంటే మాత్రం సముద్రం బాగుందనేవారు, ఆ పైన మాట మార్చేసేవారు.

చుక్కమ్మని లాగింది సముద్రం కాదు, ఉప్పు. కొండమీద ఉప్పు దొరకదు. కాపరి అమావాస్యకోసారి అరచేతిలో చిటికెడు వేసుకుని వస్తే మందంతా తోసుకుని నాకేది. ముందు ఎవరు నాకారన్నదాన్ని బట్టే మందలో పరువు. పట్నం ఒడ్డున రాళ్ళమీద ఉప్పు పేరుకుని ఉంటుందనీ, అడిగేవాడు ఉండడనీ విన్న రోజు నుంచి చుక్కమ్మకి నిద్ర పట్టలేదు.

వదిన బూరమ్మని తోడు రమ్మంది. బూరమ్మ గొర్రె. ఒళ్ళంతా ఉన్నే తప్ప సొంత అభిప్రాయం ఒక్కటీ లేని మనిషి. చివర ఎవరు మాట్లాడితే వాళ్ళు చెప్పిందే నిజం ఆవిడకి. అయినా ఒక్క విషయంలో నోరు విప్పింది. పిల్లలు ఇంకా గడ్డి ముట్టడం లేదు కదా, కాస్త ఎదిగాక వెళ్దామని అంది.

"పాలు తాగే పిల్లలతో వెళ్తేనే లాభం వదినా. వాళ్ళ తిండి నా దగ్గరే ఉంది. దారిలో ఎవర్నీ అడగక్కర్లేదు" అంది చుక్కమ్మ.

బూరమ్మకి అది సబబుగానే తోచింది. మందలో ఇంకెవరికి చెప్పినా సబబుగానే తోచేది.

పిల్లలు ఒకే కాన్పు కవలలు. ఆడపిల్ల పెద్దది, మగపిల్లాడు చిన్నోడు. పెద్దది తల్లిలా గట్టిపిండం. చిన్నోడి కాళ్ళు సన్నం, ప్రశ్నలు ఎక్కువ. దారిపొడుగునా వాడు అడుగుతూనే ఉన్నాడు. రైలు ఎవరిది, కొండ ఎందుకు ఆగిపోయింది, మబ్బు కింద పడితే ఎవరు ఎత్తుతారు. చుక్కమ్మ వాడికి జవాబు చెప్పడం మానేసింది. బూరమ్మ మాత్రం ప్రతిదానికీ నిజమేనమ్మా అనేది.

చింతతోపు దాటి మలుపు తిరిగేసరికి సముద్రం కనిపించింది. నలుగురూ నిలబడిపోయారు. కళ్ళు చెదిరే ఎండ, ఆ ఎండకింద కదులుతున్న నీలం, దానిమీద ఎక్కడో ఒక ఓడ. ఎంతటి పిసినారికైనా ఆ చూపు తేరగానే దొరుకుతుంది. చిన్నోడు ఒడ్డుకి పరిగెత్తి, అందులోకి తలపెట్టి, ఒక అల వచ్చి మొహం మీద కొడితే తుమ్మి, వెనక్కి గెంతి, మళ్ళీ వెళ్ళాడు. వాడు అంతలా నవ్వడం చుక్కమ్మ చూడటం అదే మొదటిసారి.

ఆ మొదటిరోజు నిజంగానే బాగా గడిచింది. ఒడ్డు పొడుగునా తిరిగారు. మొక్కజొన్న పొత్తులు కాల్చే బళ్ళ వెనక ఆకులు తిన్నారు. అనాస తొక్కలు, పల్లీలు చుట్టిన కాగితాలు, పూలమ్మేవాళ్ళు పారేసిన చామంతి కాడలు, ఒకటని లేదు. బళ్ళ దగ్గర ఉండే పట్నం ఆవులు కాసేపు చూసి, ఇది మా వీధి, తిన్నది చాలు, కదలండని చెప్పేదాకా హాయిగానే ఉంది. సాయంత్రానికి జనం తగ్గే వైపు నడుచుకుంటూ సరుగుడు తోట దాకా వచ్చారు. అక్కడ ఇసుకలో ఒక పాత పడవ బోర్లించి ఉంది. దానిమీద గండుపిల్లి ఒకడు నాలుగు కాళ్ళూ కిందికి ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"కొండమీంచేనా అమ్మా?" అని అడిగాడు. "నడకలోనే తెలుస్తోంది. ఇసుకలో కూడా రాయి కోసం చూసి అడుగు వేస్తున్నారు."

అతని పేరు జోగయ్య. గొంతు మెత్తన, చూపు మెత్తన, చెవి ఒకటి సగం లేదు. పిల్లల్ని చూసి, మేనమామ లాంటివాణ్ణి, భయపడకండర్రా అన్నాడు. చుక్కమ్మ మొహమాటపడే రకం కాదు. పడవ కింద నీడకి ఎంత తీసుకుంటావని అడిగేసింది.

"నీడకి డబ్బులేంటమ్మా, సూర్యుడిచ్చింది."

"మరి ఆ రాళ్ళమీద ఉప్పు?"

"సముద్రం ఇచ్చింది. నాకినంత నాకండి. మీ ఇంటిది అనుకోండి."

ఆవిడ బూరమ్మని పక్కకి లాక్కెళ్ళి చెవిలో చెప్పింది. బస ఉచితం, ఉప్పు ఉచితం. ఇంతకంటే చవకగా ఇంకెక్కడా దొరకదు. కొండమీద వెధవలు ఈ సంగతి ఒక్కళ్ళూ చెప్పలేదు, వాళ్ళే అంతా నాకేద్దామని. బూరమ్మ నిజమేనంది.

రాళ్ళు పడవకి ఎంతో దూరం లేవు. ఆటుపోటుకి తడిసి ఎండకి ఎండి, వాటి గుంటల్లో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. చుక్కమ్మ నాలుక పెట్టింది. అరచేయి లేదు, తోపులాట లేదు, చాలమ్మా అనే కాపరి లేడు. నాలుక మంట పుట్టేదాకా నాకింది. బూరమ్మ పక్కన నిలబడి అదే చేసింది. రాత్రి పడవ కింద పడుకున్నప్పుడు మందలో ఎవరెవరికి ఈ సంగతి ఎలా చెప్పి ఏడిపించాలో చుక్కమ్మ తలుచుకుంటూ నిద్రపోయింది.

పొద్దున లేచేసరికి నాలుక అంగిలికి అంటుకుపోయింది.

నీళ్ళెక్కడ దొరుకుతాయని జోగయ్యని అడిగింది. అతను పడవ వెనక ఉన్న చిరిగిన వలల గుట్ట చాటుకి వెళ్ళి, ఒక పగిలిన కుండ అడుగుభాగం నోటితో పట్టి ఈడ్చుకొచ్చాడు. అందులో నీళ్ళు. తేటగా, చల్లగా ఉన్నాయి. ఇద్దరూ తలలు పెట్టి ఒక్క గుక్కలో లాగేశారు. ఎంతని చుక్కమ్మ అడిగితే, ఇవాళ్టికి వద్దమ్మా, చుట్టాలు కదా అన్నాడు.

మధ్యాహ్నానికి మళ్ళీ దాహం. ఈసారి జోగయ్య కుండ తెచ్చి, ముందుకి తోయకుండా పక్కన కూర్చున్నాడు. ముసలివాణ్ణి, చేపలు పట్టే ఓపిక లేదు, పాల చుక్క పడి ఎన్నాళ్ళయిందో అని మొదలుపెట్టాడు. కుండకి ఒక కొబ్బరిచిప్పెడు పాలు చాలన్నాడు.

చుక్కమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇది తనకి తెలిసిన ఆట. చిప్పెడు కుదరదంది. సగం అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ పిల్లల్ని లేపి బయల్దేరబోయినట్టు నటించింది. అతను నిట్టూర్చి, సరే అన్నాడు, అలా కష్టంగా అనడం చూసి ఆవిడ బేరం గెలిచాననే అనుకుంది.

"పిల్లిని కూడా మోసం చేసేశావు" అంది బూరమ్మ మెచ్చుకుంటూ.

"మోసం ఏముంది వదినా, అడగటం తెలియాలి."

ఆ రోజుల్లో చుక్కమ్మ పొదుగు నిండుగా ఉండేది. సగం చిప్ప పోతే తెలిసేది కాదు. కానీ ఉప్పు నాకినవాడికి దాహం ఒక కుండతో పోదు. పొద్దున ఒక కుండ, మధ్యాహ్నం ఒకటి, పొద్దు వాలాక ఒకటి. పైగా బూరమ్మ గొడ్డుగొర్రె, పొదుగులో చుక్క లేదు. ఆవిడ తాగే నీళ్ళకి కూడా చుక్కమ్మే పాలివ్వాలి. అది మొదట బంధుప్రీతిలా ఉంది. తర్వాత మాటల్లోకి వచ్చింది. నువ్వు తాగేది నీళ్ళు కాదు వదినా, నా పిల్లల పాలు అని ఒకసారి అనేసింది. బూరమ్మ ఆ పూట కుండ ముట్టలేదు. సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి, అప్పుడు చుక్కమ్మే కుండని ఆవిడ వైపు తోసింది.

నీళ్ళ కోసం పట్నం లోపలికీ వెళ్ళి చూశారు. వీధి కొళాయి దగ్గర కుక్కలు మకాం. అవి ఎవరో ఏమిటో అడగలేదు, తరుముకొచ్చాయి. చిన్నోడు వెనకపడితే చుక్కమ్మ కొమ్ములు దింపి నిలబడి, తొడకి ఒక గాటు పడ్డాక వాణ్ణి తోలుకొచ్చింది. ఆ తర్వాత అటు వెళ్ళలేదు. జోగయ్య ఆ గాటు చూసి, పట్నం అంతేనమ్మా అని సానుభూతి చూపించాడు. ఆ సాయంత్రం నుంచి రేటు చిప్పెడు అయింది. ఎండలు ఎక్కువయ్యాయి, నీళ్ళు దొరకడం కష్టంగా ఉందన్నాడు. ఈసారి ఆవిడ బయల్దేరినట్టు నటించలేదు. నటించే ఓపిక లేదని అతనికీ తెలుసు.

బూరమ్మ జీవితంలో రెండోసారి నోరు విప్పింది. ఇంటికి పోదామంది. కొండ మొదట్లో వాగు ఇంకా ఎండి ఉండదు, ఒక్క పూట ఓర్చుకుంటే అక్కడ కడుపునిండా తాగొచ్చంది.

చుక్కమ్మకి ఆ మాట నిజమేనని తెలుసు. అయినా రాళ్ళవైపు చూసింది. ఇంకా ఎంత ఉప్పు ఉందో. దీన్ని వదిలేసి వెళ్తే మళ్ళీ అమావాస్యకోసారి చిటికెడు కోసం తోసుకోవాలి. ఇంత దూరం వచ్చాం, ఇన్ని పాలు పోశాం, ఏడాదికి సరిపడా నాకి వెళ్దాం, పున్నమి దాకా ఉందాం అంది. బూరమ్మ తల ఊపింది. మూడోసారి నోరు విప్పడం ఆవిడకి చేతకాలేదు.

అక్కడి నుంచి సంగతులు త్వరగా దిగజారాయి. పాలు తగ్గాయి. నీళ్ళు చాలని ఒంట్లో పాలెక్కడివి? కుడి చన్ను జోగయ్యకి, ఎడమ చన్ను పిల్లలకి అని చుక్కమ్మ లెక్క పెట్టుకుంది. పైకి న్యాయంగానే కనిపించే లెక్క. ఒక్క చన్ను దగ్గర ఇద్దరు పిల్లలు నిలబడితే గట్టిది ముందు తాగుతుంది. పెద్దది తలతో ఒక్క పోటు పొడిస్తే చిన్నోడు ఇసుకలో పడేవాడు. లేచి మళ్ళీ వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. చుక్కమ్మ అది చూసింది. రేపు వాడికి ముందు పెడదామనుకుంది. రేపు అనుకున్నదీ ఆ రేపటికి మళ్ళీ రేపే అయింది.

ఒకరోజు మండుటెండలో చిన్నోడు వచ్చి పక్కన కూలబడ్డాడు.

"అమ్మా, అన్ని నీళ్ళున్నాయి కదా. మనకి దాహం ఎందుకేస్తోంది?"

"అవి తాగే నీళ్ళు కావురా."

"మరి దేనికి?"

"చూడ్డానికి."

వాడు కాసేపు సముద్రం వైపు చూశాడు. అంత ఉన్నదాన్ని చూడ్డానికే పెట్టుకోవడం వాడికి అర్థం కాలేదు. చుక్కమ్మ నీడలోకి తల పెట్టి కళ్ళు మూసుకుంది. వాడు లేచి ఎటు వెళ్ళాడో చూడలేదు. ఎండ వాలాక బూరమ్మ వాణ్ణి అలల అంచున చూసింది. ముందుకాళ్ళు నీళ్ళల్లో పెట్టి, మొహం ముంచి తాగుతున్నాడు. వదినా, గుంటడు ఉప్పునీళ్ళు తాగుతున్నాడని అరుస్తూ పరిగెత్తింది. గొర్రె పరుగు ఎంత దూరం? చుక్కమ్మ వెళ్ళి కొమ్ములతో పక్కకి నెట్టేసరికే వాడి పొట్ట ఉబ్బి ఉంది. ఆ నీళ్ళు వాడు తాగడం అదే మొదటిసారి కాదని పెద్దది అప్పుడు చెప్పింది. అమ్మ తిడుతుందని చెప్పొద్దన్నాడట.

రాత్రంతా వాడికి విరేచనాలు. చుక్కమ్మ జోగయ్య దగ్గరికి వెళ్ళి ఒక్క కుండ నీళ్ళు ఇమ్మంది, పాలు రేపిస్తానంది. జోగయ్య ఆవిడ పొదుగు వైపు చూశాడు. అది ఖాళీ సంచిలా వేలాడుతోంది. చాలా బాధగా ఉందమ్మా అన్నాడు. నిజంగా బాధగానే అన్నాడు. నీళ్ళు మాత్రం ఇవ్వలేదు.

తెల్లవారుతుండగా చిన్నోడు చనిపోయాడు. ప్రశ్న ఏదీ అడగలేదు.

కాకులు అప్పటికే సరుగుడు కొమ్మల మీద చేరాయి. చుక్కమ్మ ఏడవలేదు, ఏడ్చేందుకు ఒంట్లో తడి లేదు. కాకులకి వదలకూడదని మాత్రం అనుకుంది. పడవకి ఎగువన, సరుగుడు తోట మొదట్లో, ఇసుక మెత్తగా ఉన్నచోట ముందుకాళ్ళతో గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. బూరమ్మ వచ్చి ఎదురుగా నిలబడి తానూ తవ్వింది. పైపొర వేడిగా, పొడిగా జారిపోయింది. మోకాళ్ళ లోతుకి వెళ్ళేసరికి ఇసుక చల్లబడింది. ఇంకాస్త తవ్వితే రంగు మారింది. ఆ తర్వాత గిట్టల కింద తడి తగిలింది.

చుక్కమ్మ ఆగి చూసింది. గొయ్యి అడుగున నీళ్ళు ఊరుతున్నాయి. బురదగా మొదలై, చూస్తుండగానే తేరుకుంటున్నాయి.

ఉప్పునీళ్ళే అయి ఉంటాయంది బూరమ్మ. చుక్కమ్మ మోకాళ్ళమీద వంగి నాలుక ముంచింది. తియ్యటి నీళ్ళు. రోజుకి మూడుసార్లు పగిలిన కుండలో కొనుక్కుని తాగిన నీళ్ళే.

కొడుకు కోసం తవ్విన గోతిలో తల పెట్టి ఆవిడ తాగింది. తాగకుండా ఉండలేకపోయింది. ఆ తర్వాత పెద్దదాన్ని పిలిచి తాగించింది. బూరమ్మ తాగుతూ మధ్యలో ఒకసారి తలెత్తి, చిన్నోడి వైపు చూసి, మళ్ళీ దించుకుంది. నలుగురికీ సరిపోయేటన్ని నీళ్ళు ఊరాయి. తాగడానికి ముగ్గురే ఉన్నారు.

కడుపు నిండాక చుక్కమ్మ తిన్నగా వలల గుట్ట చాటుకి నడిచింది. అక్కడ ఒక తాటాకు చాప పరిచి ఉంది. కొమ్ముతో ఎత్తి పారేసింది. కింద గొయ్యి. ఇసుకలో తవ్విన మామూలు చెలమ, తన గిట్టలతో తవ్విన దానికంటే లోతు కూడా లేదు.

జోగయ్య పడవమీదనే కూర్చుని ఉన్నాడు. కదలలేదు.

"ఎక్కడ తవ్వినా పడతాయా?" అంది చుక్కమ్మ.

"అలల దగ్గర పడవు. తోట వైపు ఎక్కడైనా పడతాయి."

"తెలిసీ చెప్పలేదు."

"నువ్వు అడగలేదమ్మా. ఎంత అని అడిగావు. ఎక్కడివి అని ఒక్కరోజు అడిగావా?" గొంతు అదే మెత్తదనం. "నేను తాళ్ళేసి కట్టలేదు. ఉప్పు తినమని బతిమాలలేదు. నీ కాళ్ళకి నా కాళ్ళకంటే పెద్ద గిట్టలున్నాయి."

చుక్కమ్మ తల దించి పరిగెత్తుకొచ్చి పడవని గుద్దింది. పడవ కదల్లేదు. పిల్లి ఒక జానెడు పైకి జరిగి కూర్చున్నాడు.

"కోపం ఉంటుంది. కాదనను. ఊరెళ్ళి నా గురించి చెబుతావు కాబోలు. ఏమని చెబుతావు? ఉప్పు మరిగి, పిల్లాడి పాలు నీళ్ళకి పోసి, కాళ్ళకింద నీళ్ళు పెట్టుకుని వాణ్ణి చంపుకున్నానని చెబుతావా?" జోగయ్య పంజా నాక్కున్నాడు. "నీకంటే ముందు మీ కొండవాళ్ళు ఎందరో వచ్చారు. తలా ఒకటి పోగొట్టుకునే వెళ్ళారు. ఒక్కళ్ళూ చెప్పలేదు తల్లీ. అందరూ బాగుందనే చెప్పారు. లేకపోతే నువ్వు ఎందుకు వస్తావు?"

చుక్కమ్మకి వెళ్ళొచ్చినవాళ్ళ మొహాలు, సముద్రం బాగుందని చెప్పి మాట మార్చే తీరు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

నీళ్ళూరిన గోతిలో చిన్నోణ్ణి పెట్టలేదు. తోట దాటాక కొండరాయి తేలే చోట, ఇంక తవ్వడానికి వీల్లేనంత గట్టినేలమీద వాణ్ణి పడుకోబెట్టి, చుట్టూ పైనా రాళ్ళు దొర్లించారు. గొయ్యి అలాగే వదిలేశారు.

దారిలో బూరమ్మే మాట్లాడింది. ఊళ్ళో ఏమని చెబుదామంది. జ్వరమొచ్చిందని చెప్పొచ్చు. పాము కరిచిందంటే ఇంకా నయం, పాముకి ఎవరేం చేస్తారు, నిన్నెవరూ ఏమీ అనరంది. పాపం మంచికే చెప్పింది. ఆ మాట చుక్కమ్మకి చల్లగా కూడా తగిలింది. పాము. నిజమే. పాముని ఎవరూ వెళ్ళి అడగరు.

కొండ మొదట్లో వాగు దగ్గర ఒక గుంపు ఎదురైంది. పక్క ఊరి మేకలు, ఒక పొట్టేలు, నలుగురైదుగురు పాలపిల్లలు. షికారుకి బయల్దేరినవాళ్ళ హడావిడి. ఒక పడుచు మేక, గెడ్డం కింద రెండు లోలకులు ఊపుకుంటూ ముందుకొచ్చి, పట్నం నుంచేనా అక్కా, ఎలా ఉంది, ఖర్చు ఎక్కువవుతుందా అని అడిగింది. దాని కాళ్ళ మధ్య ఇద్దరు పిల్లలు చెరో చన్ను పట్టుకుని ఉన్నారు.

బూరమ్మ అలవాటుగా బాగుందమ్మా అనబోయింది. చుక్కమ్మ ఆవిడకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"నాకు ఇద్దరు పిల్లలు. ఒకణ్ణి అక్కడ వదిలొచ్చాను" అంది. "పాము కరవలేదు. ఉప్పు తేరగా వస్తోందని కూర్చుని, వాడి పాలు పోసి నీళ్ళు కొన్నాను. ఆ నీళ్ళు నా కాళ్ళకిందే ఉన్నాయి, తవ్వి చూడలేదు."

తర్వాత మిగతాదంతా వరసగా చెప్పింది. పడవ ఎక్కడుందో, జోగయ్య ఎలా పలకరిస్తాడో, మొదటి కుండ ఎందుకు ఊరికే ఇస్తాడో, తోట వైపు ఎంత లోతు తవ్వాలో. ఏదీ తగ్గించలేదు.

ఎవరూ జాలిపడలేదు. పొట్టేలు నవ్వి, తెలివితక్కువవాళ్ళు ప్రయాణాలు పెట్టుకోకూడదన్నాడు. పడుచు మేక పిల్లల్ని దగ్గరికి లాక్కుని, నువ్వు తల్లివేనా అంది. కొందరు వెనుదిరిగారు. కొందరు ఆవిణ్ణి తప్పుకుని ముందుకే వెళ్ళారు, మనం అలా కాదులే అనుకుంటూ.

ఊళ్ళో ఇంకా ఎక్కువే అన్నారు. కన్నకొడుకుని నాకేసిన మేక అని పేరు పెట్టారు. ఆవిడ వస్తుంటే తల్లులు పిల్లల్ని అటు తిప్పేవారు. మరుసటి ఎండాకాలం వెళ్ళొచ్చినవాళ్ళల్లో కొందరు, తామే తవ్వుకుని తాగామని చెప్పారు గానీ, ఎవరు చెబితే తవ్వారో చెప్పలేదు. పడవమీద పిల్లి చిక్కిపోయాడని ఒకరన్నారు. ఇంకో రేవుకి మకాం మార్చాడని ఇంకొకరన్నారు.

దగాకోరు బతికేది తన తెలివితో కాదు, దగాపడ్డవాళ్ళ సిగ్గుతో.

వాగు దగ్గర ఆ రోజు చుక్కమ్మ ఒకటి నిశ్చయించుకుంది, ఎవరడిగినా జరిగింది జరిగినట్టే చెప్పాలని. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అడిగినవాళ్ళందరికీ అలాగే చెప్పింది, పెద్దదానికి పుట్టిన పిల్లలు అడిగినప్పుడు కూడా.